వసంతంలో వలస పక్షులు: ఆంధ్ర, తెలంగాణల్లో ఏవి, ఎక్కడ, ఎప్పుడు? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి వేసవి సెలవుల దాకా పక్షుల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ వినిపించేవాటికి ఇక్కడ జవాబులు రాశాం. కొన్నింటికి ఒక్క మాట చాలింది, కొన్నింటికి కాస్త ఎక్కువే చెప్పాల్సి వచ్చింది.

వసంత వలస అంటే పక్షులు మన దగ్గరికి రావడమా, వెళ్ళిపోవడమా?

ఎక్కువగా వెళ్ళిపోవడమే. ఉత్తరాన మంచు కప్పేసి తిండి దొరక్క అక్టోబర్, నవంబర్ నాటికి మన వైపు దిగిన పక్షులు, ఇక్కడ ఎండలు ముదిరే వేళకు గూళ్ళు కట్టుకోవడానికి తిరుగు ప్రయాణం కడతాయి. యూరప్‌లోనూ అమెరికాలోనూ వసంతమంటే పక్షులు ఇంటికి చేరే కాలం. మనకది సాగనంపే కాలం. ఇంగ్లిష్ వ్యాసాలు చదివి ఏప్రిల్‌లో కొత్త పక్షుల కోసం ఎదురుచూసేవాళ్ళు నిరాశపడేది అందుకే.

నన్నడిగితే మాత్రం ఏడాది మొత్తంలో చూడదగ్గ రోజులు ఇవే. చలికాలమంతా మట్టిరంగులో తిరిగినవి ఇప్పుడు రంగు తేలతాయి, గుంపులు కడతాయి, కొన్నయితే వెళ్ళేముందు పాట కూడా అందుకుంటాయి. జనవరిలో వందల ఫోటోలు తీసి సర్దేసుకున్నవాళ్ళు అసలు సంగతి చూడకుండానే వెళ్ళిపోయినట్టు.

ఏయే పక్షులు ఎప్పుడు వెళ్తాయి?

ముందు బాతులు కదులుతాయి. సూదితోక బాతులు, షవెలర్లు, గార్గనీలు ఫిబ్రవరి నుంచే పల్చబడి, మార్చి నెలాఖరుకు చాలా చెరువుల్లో కనబడవు. తలమీద రెండు నల్ల చారలుండే పట్టీతల బాతులూ దాదాపు అప్పుడే. పొలాల మీద తక్కువ ఎత్తులో తేలుతూ తిరిగే హారియర్ గద్దలు మార్చి, ఏప్రిల్‌లో. గులాబీ గోరింకలు ఏప్రిల్ మధ్యకల్లా. బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలకు ఏప్రిల్ అంతా హడావుడే, కొన్ని మే మొదటి వారాల దాకా కూడా ఉంటాయి. తోటల్లో తిరిగే చిన్నచిన్న వార్బ్లర్లు అందరికంటే ఆలస్యం.

ఈ లెక్క ఏడాదికేడాది కాస్త అటూ ఇటూ అవుతుంది. వానలు తక్కువ పడి చెరువు ముందే ఎండితే బాతులు ముందే లేచిపోతాయి. నీళ్ళు నిలిస్తే ఇంకొన్నాళ్ళు ఉంటాయి.

మా ఊరి చెట్ల మీద సైబీరియా కొంగలు గూళ్ళు పెట్టాయి. ఇవి నిజంగా సైబీరియా నుంచే వస్తాయా?

రావు. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమందికి నచ్చని జవాబూ ఇదే.

ఊరి చింతచెట్ల మీద, చెరువుగట్టు తుమ్మల మీద గుంపులుగా గూళ్ళు పెట్టే పెద్ద పక్షులు ముఖ్యంగా మూడు రకాలు: నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ, గూడబాతు (పెలికాన్). మూడూ మన దేశపు పక్షులే. శ్రీలంక నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే వెచ్చని ప్రాంతాలే వీటి ఇల్లు. సైబీరియా మొహం ఎప్పుడూ చూసి ఉండవు. వానలను బట్టి, చేపలు, నత్తలు దొరికే తీరును బట్టి దేశంలోనే ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుంటాయి. దీన్ని స్థానిక వలస అనవచ్చు.

చూడగానే తెలిసే గుర్తు ఒకటుంది. పక్షి మన ఊళ్ళో గూడు కట్టి పిల్లల్ని పెంచుతోందంటే అది ఉత్తరాది చలికాలపు అతిథి కాదు. సైబీరియా నుంచి వచ్చే పక్షి గూడు సైబీరియాలోనే కడుతుంది. ఇక్కడికి తిండి కోసమే వస్తుంది.

మరి ఆ పేరు ఎక్కడిదంటే, సైబీరియా కొంగ అని నిజంగానే ఒక పక్షి ఉంది. తెల్లగా, ఎర్రటి మొహంతో ఉండే క్రౌంచ జాతి పక్షి. అది చలికాలానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2001-02 చలికాలం తర్వాత అక్కడ కూడా కనిపించలేదు. పేరు మాత్రం పత్రికల్లో మిగిలి, దూరం నుంచి వచ్చినట్టు కనబడే ప్రతి కొంగకూ అతుక్కుపోయింది.

దీనివల్ల ఆ పక్షుల గొప్పతనమేమీ తగ్గదు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు జూన్, జూలైలో వస్తాయి. టెక్కలి వైపు తేలినీలాపురానికి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు సెప్టెంబర్, అక్టోబర్‌లో వచ్చి వేసవి ముదిరేలోపు వెళ్తాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. సైబీరియా చిరునామా లేకపోయినా ఆ మర్యాదకు లోటేం రాదు.

అయితే సైబీరియా నుంచి వచ్చేవి ఏవీ లేవా?

బోలెడు ఉన్నాయి. చిన్నవి కావడంతో ఎవరి కంటా పడవు, అంతే.

కాకినాడ తీరంలో ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గాక బురద మేటల మీద చూడండి. ఎలుకలు పరుగెత్తినట్టు పరుగెత్తే బుల్లి పిట్టలు కనిపిస్తాయి. వాటిలో లిటిల్ స్టింట్ ఒకటి. బరువు పాతిక గ్రాముల లోపో, అటూ ఇటో. అది గూడు కట్టేది ఉత్తర ధ్రువానికి దగ్గరి టండ్రా నేలల్లో. దాని పక్కనే కాస్త పెద్దగా, చివర కిందికి వంగిన ముక్కుతో ఉండేది కర్ల్యూ శాండ్‌పైపర్. దీని గూళ్ళు పూర్తిగా సైబీరియా ఉత్తరపు అంచుల్లోనే. జనవరిలో చూస్తే పైన బూడిదరంగు, కింద తెలుపు, ఇంకేమీ ఉండదు. మార్చి చివర నుంచి గమనించండి. మొదట రొమ్ము మీద అక్కడక్కడా ఇటుక పొడి చల్లినట్టు మచ్చలు వస్తాయి. వారం గడిచేసరికి మచ్చలు కలిసిపోతాయి. ఏప్రిల్ చివరకు గొంతు నుంచి పొట్ట దాకా ముదురు ఎరుపే. ఒకే గుంపులో సగం రంగు మారినవి, పూర్తిగా మారినవి, ఇంకా బూడిదగానే ఉన్నవి పక్కపక్కనే బురద పొడుస్తుంటాయి. అన్నీ ఒకే జాతి అంటే పక్కనున్నవాళ్ళు నమ్మరు.

పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ ఇంకా చిత్రం. చలికాలంలో ఎండుగడ్డి రంగులో చెరువు అంచున నిలబడి ఉంటే పక్క నుంచి నడిచిపోయినా తెలియదు. వెళ్ళేముందు మొహం నుంచి పొట్ట దాకా కాటుక నలుపు, వీపు మీద బంగారు చుక్కలు, రెంటికీ మధ్య తెల్లటి అంచు. అదీ సైబీరియాదే.

సైబీరియాను చూడ్డానికి తీరందాకా వెళ్ళనక్కర్లేదు కూడా. మీ పెరటి కంచెలో నవంబర్ నుంచి 'చక్... చక్' అని నాలుక చప్పరించినట్టు వినబడుతూ, పిట్ట మాత్రం కనబడకుండా ఉంటుందే, అది చాలావరకు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. పది, పన్నెండు గ్రాములుంటుంది. రష్యా అడవుల అంచుల నుంచి, కొన్ని ఫిన్‌లాండ్ దాకా ఉన్న ప్రాంతాల నుంచి వస్తాయి. పైన మామిడి కొమ్మల్లో ఆకుపచ్చగా కదిలే గ్రీనిష్ వార్బ్లర్‌దీ ఉత్తరాది అడవులే. అయిదో తరగతి పిల్లాడి గుప్పిట్లో పట్టే పిట్ట హిమాలయాల అవతలికి వెళ్ళొస్తుంటే, మనం కొంగల కింద నిలబడి సైబీరియా అంటున్నాం.

సాయంత్రాలు ఆకాశంలో పొగలాగా మెలికలు తిరిగే గుంపులు ఏమిటి?

గులాబీ గోరింకలు, అంటే రోజీ స్టార్లింగ్‌లు. వేలల్లో ఉంటాయి. రాత్రి నిద్రకు ఏ తుమ్మల గుంపులోకో, రెల్లు పొదల్లోకో దిగేముందు ఆకాశంలో అలా సాగుతూ ముడుచుకుంటూ తిరుగుతాయి. డేగ ఏదైనా వెంటపడితే ముద్దలా బిగుసుకుంటాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల వైపు, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల వైపు ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో చూడొచ్చు. సూర్యాస్తమయానికి అరగంట ముందే అక్కడుండాలి. ఆట మొత్తం ఇరవై, ముప్పై నిమిషాల్లో అయిపోతుంది.

ఇవి వలస పక్షుల్లో ముందొచ్చేవి. జూలై చివర, ఆగస్టులోనే కనబడటం మొదలవుతుంది. జొన్నచేల మీద పడతాయని రైతులకు వీటిమీద కోపం. అది న్యాయమైన కోపమే. కానీ పంటలు అయిపోయాక ఇవి చేసే పని వేరు. మాఘ, ఫాల్గుణాల్లో బూరుగు, మోదుగ, బాడిద చెట్లు పూసినప్పుడు పూలలోని తేనె కోసం కొమ్మ నిండా వాలతాయి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు నుదుటి ఈకలకు పుప్పొడి అంటుకుని ఉంటుంది. ఉదయం పూసిన బూరుగు చెట్టు కింద అరగంట కూర్చుంటే బైనాక్యులర్స్ లేకుండానే ఇది కనబడుతుంది.

వెళ్ళే వేళకు రంగు ముదురుతుంది. కొత్త ఈకలు వచ్చి కాదు. శీతాకాలంలో ఈకల అంచులు మాసినట్టు ఉంటాయి. తిరిగి తిరిగి ఆ అంచులు అరిగిపోతే లోపలి గులాబీ, నిగనిగలాడే నలుపు బయటపడతాయి. ఏప్రిల్‌లో మధ్య ఆసియాకు బయలుదేరతాయి. అక్కడ వీటి పిల్లలకు ముఖ్యమైన తిండి మిడతలు. చైనాలోని షింజియాంగ్‌లో మిడతల్ని అదుపు చేయడానికి వీటికోసం ప్రత్యేకంగా రాళ్ళగూళ్ళు కట్టిస్తారు. ఇక్కడ గులేరు దెబ్బ, అక్కడ ప్రభుత్వ వసతి.

ఉగాదికి కూసే కోయిల ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కడి నుంచీ రాదు. ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో కూయదు కాబట్టి లేదనుకుంటాం. మార్చి నుంచి జత కట్టే కాలం, మగది గొంతు ఎత్తుతుంది. నల్లగా, ఎర్రకళ్ళతో ఉండేది మగ కోయిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని అరుపు 'కిక్ కిక్ కిక్' అని గరుకుగా ఉంటుంది. కవులు దాన్ని పట్టించుకోలేదు. కాకి గూడు కట్టే కాలమూ ఇదే కాబట్టి దానికి పని ఇప్పుడే.

వసంతంలో ఎక్కడికి వెళ్ళాలి?

జనవరిలో వెళ్ళే చోట్లకే ఏప్రిల్‌లో వెళ్తే పొరపాటు. నిండుగా ఉన్న చెరువు బాతులకు మంచిది, ఎండుతున్న చెరువు ఉల్లంకులకు మంచిది. నీళ్ళు తగ్గి చుట్టూ జానెడు వెడల్పున తడి బురద తేలిన ఊరచెరువు ఏదైనా సరే, ఏప్రిల్ మొదట్లో పేరున్న అభయారణ్యం కంటే ఎక్కువ చూపిస్తుంది.

తీరంలో నా మొదటి ఓటు కాకినాడకు. ఫిషింగ్ హార్బర్ వైపు కుంభాభిషేకం బురద మేటలు, కోరింగ మడ అడవుల అంచులు ఉల్లంకి జాతులకు పెట్టింది పేరు. గ్రేట్ నాట్, కర్ల్యూ, వింబ్రెల్, శాండ్ ప్లవర్లు అన్నీ ఇక్కడ దొరుకుతాయి. ముక్కు కింది దవడ పొడుగ్గా ఉండి నీటిని గీసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో ఇక్కడికి వస్తుంది. ఆటుపోట్ల సమయం చూసుకోకుండా వెళ్తే మాత్రం దండగ. పూర్తి ఆటులో పక్షులు కిలోమీటరు దూరంలో చుక్కల్లా ఉంటాయి, పూర్తి పోటులో బురదే ఉండదు. పోటు ఎక్కుతుండగా వెళ్ళాలి. నీళ్ళు వాటిని మెల్లగా మీ వైపు తోసుకొస్తాయి.

నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిమైదానం బట్టమేక పిట్ట పేరుతో అందరికీ తెలుసు. చలికాలంలో అక్కడికి వచ్చే హారియర్లు చాలామందికి తెలియవు. మాంటేగూస్, పాలిడ్ హారియర్లు పగలంతా మిడతల కోసం తిరిగి సాయంత్రం గడ్డిలో ఒకేచోట నిద్రకు దిగుతాయి. మార్చి మొదటి సగంలోపు వెళ్ళాలి.

హిందూపురం వైపు చిలమత్తూరు మండలం వీరాపురంలో కథ వేరు. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలు జనవరిలో వచ్చి వేసవంతా పిల్లల్ని పెంచుతాయి. మిగతా చోట్ల పక్షులు పల్చబడే రోజుల్లో ఆ ఊరి చెట్లు కిక్కిరిసి ఉంటాయి.

కొల్లేరులో ఆటపాక గూడబాతులకు, ఫిబ్రవరి వరకు బాతులకు. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు మార్చిలోపే. తెలంగాణలో మంజీర, పోచారం, సింగూరు వెనక నీళ్ళు, హైదరాబాద్ పక్కనే అమీన్‌పూర్ చెరువు. దీన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరంలోని చెరువుకు ఆ హోదా దక్కడం దేశంలో అదే మొదలు. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు చూస్తే ఆ ప్రకటన అవతల గట్టున ఉండిపోయిందనిపిస్తుంది.

పులికాట్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఫ్లెమింగోలు ఉంటాయా?

కొన్ని ఉంటాయి. గ్యారంటీ లేదు. పులికాట్ లోతు తక్కువ సరస్సు, సూళ్ళూరుపేట వైపు వేసవిలో చాలా భాగం ఎండి ఉప్పు తేలుతుంది. నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ ఫ్లెమింగోలు చెల్లాచెదురవుతాయి. వాటికోసమే అయితే జనవరి, ఫిబ్రవరి మంచివి. శ్రీహరికోట రోడ్డు మీద కారు ఆపినా కారులోంచే చూడండి, దిగి పరుగెత్తితే గుంపు మొత్తం లేస్తుంది. మన దేశంలో పెద్ద ఫ్లెమింగోలు గూళ్ళు కట్టే ముఖ్యమైన చోటు గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్. కాబట్టి ఇవీ సైబీరియావి కావు.

ఊళ్ళు తిరగలేం. ఇంటి దగ్గరే ఏం కనబడతాయి?

కరెంటు తీగల మీద వరసగా కూర్చున్న వానకోవెలలు. ఏప్రిల్‌లో ఒకరోజు తీగ నిండా ఉంటాయి, మర్నాటికి ఖాళీ. ఇంటి చూరు కింద, గోడ మీద తోక వణికించే బ్లాక్ రెడ్‌స్టార్ట్, మన పాతకాలపు నూనెబుడ్డిగాడు. నీళ్ళ పంపు దగ్గర తోక ఊపుతూ తిరిగే వాగ్‌టెయిల్స్. పసుపు వాగ్‌టెయిల్ మగవాటికి ఈ రోజుల్లో తల రంగు తేలుతుంది, బూడిద, నలుపు, పసుపు అని ఉపజాతిని బట్టి తేడాలు. చెట్లెక్కువున్న వీధిలో తోకపిగిలి పిట్ట, వంగపండు పిట్ట.

అన్నిటికన్నా మంచి అవకాశం నవరంగ్ పిట్టది. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి మధ్య భారతం, హిమాలయాల అడుగు అడవుల్లో గూళ్ళు కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మీదుగా రాత్రిపూట ప్రయాణిస్తూ అలిసిపోయి కాలేజీ ఆవరణల్లో, అపార్ట్‌మెంట్ తోటల్లో, ఒక్కోసారి వరండాలోనే దిగుతుంది. ఎండుటాకుల మీద గెంతుతూ ఆకులు తిరగేసే పొట్టితోక పిట్ట, పొట్ట కింద ఎరుపు, వీపు పచ్చ, రెక్కలో మెరిసే నీలం. పొద్దున్నే, సాయంత్రం మసక వేళల్లో రెండు ముక్కల ఈల వేస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఏటా మే నెలలో 'ఈ రంగుల పిట్ట పేరేంటండీ' అని వచ్చే ఫోటోల్లో సగం దీనివే.

ఏ వేళలో చూడాలి?

తెల్లారాక రెండు గంటలు, పొద్దుగూకేముందు రెండు గంటలు. మధ్యలో వడదెబ్బ తప్ప ఏమీ తగలదు.

ఏ కెమెరా కొనమంటారు?

ముందు బైనాక్యులర్స్ కొనండి. 8×42 అని రాసి ఉన్న మామూలు జత చాలు. కెమెరా చేతిలో ఉంటే పక్షిని కాదు, తెరను చూస్తాం.

పేర్లు తెలియవు. ఎలా నేర్చుకోవాలి?

మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, ఫోటో చూపినా కూత వినిపించినా పేరు సూచిస్తుంది. సూచన అన్నానని గుర్తుంచుకోండి. ఉల్లంకుల దగ్గర అది తడబడుతుంది, అనుభవజ్ఞులూ తడబడతారు. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ వారు పక్షుల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు కొత్తవాళ్ళనీ తీసుకెళ్తారు. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలైన సంస్థే అది. తెలిసినవాళ్ళతో ఒక ఉదయం తిరిగితే పుస్తకంలో నెల్లాళ్ళ చదువు.

చూసింది ఎక్కడ రాయాలి? రాస్తే ఏమిటి ఉపయోగం?

పక్షులు చూసినవాళ్ళు తమ జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాయండి. ఉచితం, ఫోన్‌లోనే అయిపోతుంది.

ఉపయోగం చిన్నదేమీ కాదు. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఈ నేల మీద ఏ పక్షి ఎక్కడుండేదో ఇవాళ పోల్చి చూసుకోవడానికి అలాంటి పాత లెక్కలే ఆధారం. మొదటిసారి ఎప్పుడు చూశామన్నది అందరూ సంబరంగా రాస్తారు. చివరిసారి ఎప్పుడు కనబడిందన్నది దాదాపు ఎవరూ రాయరు. ఎందుకంటే చూస్తున్నప్పుడు అదే చివరిసారని తెలియదు కదా. అందుకే వసంతంలో ఒకే చెరువుకు వారం వారం వెళ్ళి, ఉన్నవన్నీ, మామూలు కాకి, కొక్కిరాయితో సహా రాయాలి. బాతుల్లేని రోజు కూడా జాబితా పెట్టాలి. అవి ఎప్పుడు వెళ్ళాయో అందులోంచే తేలుతుంది.

ఏకాంతంగా గూడు పెట్టిన పక్షి, వేటకు గురయ్యే పక్షి అయితే ఖచ్చితమైన చోటు బయట పెట్టొద్దు.

అంత దూరం దారి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు బయలుదేరాలో ఎవరు చెబుతారు?

పగటి పొడవు పెరగడమే గంట కొట్టడం. అది ఒంట్లో హార్మోన్లను కదిలిస్తుంది, ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు పేరుకుంటుంది. చిన్న పక్షులు వెళ్ళేముందు బరువు బాగా పెంచుకుంటాయి. ఆ కొవ్వే దారి ఖర్చు. ఆ రోజుల్లో పక్షిని పంజరంలో ఉంచితే రాత్రిళ్ళు నిద్రపోకుండా కొట్టుకుంటుంది. దారికి సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం మూడూ వాడుకుంటాయి. నదులు, తీరరేఖలు సరేసరి.

మనమీదుగా పోయే దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాలు దాని కిందికి వస్తాయి.

హిమాలయాల మీదుగానే వెళ్తాయా?

పట్టీతల బాతులు నిజంగానే దాటతాయి. మంగోలియా, టిబెట్ వైపు వాటి గూళ్ళు. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినప్పుడు 7 వేల మీటర్ల పైచిలుకు ఎత్తు కూడా నమోదైంది. అయితే వీలైనంతవరకు కొండల వాలును అంటిపెట్టుకునే పోతాయి, కనుమలు వెతుక్కుంటాయి. గాలి చల్లగా చిక్కగా ఉండే రాత్రి, తెల్లవారుజాము వాటికి ఇష్టం. చిన్న పక్షుల్లో చాలావి హిమాలయాలకు పడమటి వైపు నుంచి చుట్టి పోతాయి.

కాలికి రింగు ఉన్న పక్షి కనబడితే?

ఫోటో తీసి, రింగు రంగు, అక్షరాలు, చోటు, తేదీ రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. మన దేశంలో రింగులు వేసే ముఖ్య సంస్థ అదే. మంగోలియాలో మెడకు పట్టీలు వేసిన బాతులు కర్ణాటక చెరువుల్లో తేలింది ఇలాంటి ఫోటోలవల్లే. పక్షిని పట్టుకునే ప్రయత్నం చేయొద్దు.

ఇంట్లోకి వచ్చి పడిన పక్షిని ఏం చేయాలి?

ఎక్కువసార్లు కిటికీ అద్దానికి గుద్దుకుని ఉంటుంది, లేదా అలిసిపోయి ఉంటుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి బట్ట వేసి ఉంచి మూసేయండి. చీకటి, నిశ్శబ్దం, అంతే దానికి మందు. నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు పెట్టొద్దు. పిల్లలు చుట్టూ చేరి సెల్ఫీలు దిగడం అసలొద్దు. గంట, రెండు గంటల్లో తేరుకుంటే చెట్లున్న చోట మూత తీయండి. రెక్క వాలిపోయినా, రక్తం వస్తున్నా అటవీశాఖకు గానీ పశువైద్యుడికి గానీ చెప్పండి. పెంచుకుందాం అనుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

వేసవిలో నీళ్ళు, గింజలు పెట్టొచ్చా?

నీళ్ళు తప్పకుండా. లోతు తక్కువున్న మట్టి మూకుడు, నీడలో, పిల్లికి అందని చోట, రోజూ కడిగి. గింజలు పెడితే పావురాలు పెరుగుతాయి తప్ప వలస పక్షులకు ఒరిగేది లేదు. వాటిలో చాలావాటి తిండి పురుగులు. పెరట్లో ఓ మూల ఎండుటాకులు ఊడ్చకుండా వదిలేస్తే అదే వాటికి విందు.

మేలో కూడా తీరంలో కొన్ని ఉల్లంకులు బూడిదరంగులోనే ఉన్నాయి. జబ్బా?

కాదు. ఎక్కువగా నిరుడు పుట్టినవి. ఇంకా జతకట్టే వయసు రాలేదు కాబట్టి అంత దూరం వెళ్ళకుండా వేసవంతా ఇక్కడే గడిపేస్తాయి.

బర్డ్ ఫ్లూ వలస పక్షుల వల్లే వస్తుందంటారు. దగ్గరికి వెళ్ళొచ్చా?

నీటి పక్షులు, ముఖ్యంగా బాతులు ఆ వైరస్‌ను మోసుకురాగలవు. అది నిజమే. ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి పాకడంలో మాత్రం కోళ్ళు, ట్రేలు, వాహనాలు, మనుషుల రాకపోకల వాటా పెద్దది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో వచ్చినప్పుడు అందరి వేళ్ళూ ఆకాశం వైపే చూపించాయి. గట్టు మీంచి బైనాక్యులర్స్‌తో చూసేవాళ్ళకు భయం అక్కర్లేదు. గుంపుగా చచ్చిపడి ఉన్న పక్షులు కనబడితే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి.

పక్షులు తగ్గిపోతున్నాయా?

చోటు తగ్గుతోంది, అది కంటికి కనిపించేదే. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత మళ్ళీ కొన్నిచోట్ల గట్లు లేచాయి. చేపల చెరువులో నీళ్ళుంటాయి కదా, పక్షులకేం అని అడుగుతారు. నిటారు గట్లు, లోతు నీళ్ళు ఉన్నచోట చీలమండ లోతు బురద కావాల్సిన ఉల్లంకికి నిలబడే చోటే ఉండదు. గూడబాతు ఎలాగో నెట్టుకొస్తుంది. ఊరచెరువుల సుందరీకరణ పేరుతో చుట్టూ రాతి కట్టుబడి, వాకింగ్ ట్రాక్, రాత్రంతా లైట్లు పెట్టడమూ ఇదే పని చేస్తుంది. నాకు ఎక్కువ దిగులు కలిగించేది వేటగాడి వల కంటే ఇదే.

మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడా ఇలాగే ఉంటుందా?

తిరగబడి ఉంటుంది. మీకు వసంతం రాకడ కాలం. గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాటొచ్చిన వార్బ్లర్లు, హమ్మింగ్‌బర్డ్‌లు ఏప్రిల్‌లో తీరంలో దిగుతాయి. హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న హై ఐలండ్ దానికి పేరుమోసిన చోటు. ఆ రాత్రుల్లో మీ ఇంటి బయటి లైట్లు ఆర్పేస్తే చాలు, దారి తప్పి అద్దాలకు గుద్దుకునేవి తగ్గుతాయి.

వెళ్ళేవే గానీ, వేసవి చివర వచ్చేవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. చాతక పక్షి మొదటిది. నలుపు తెలుపుల్లో, నెత్తిన జుట్టుతో, పొడుగు తోకతో ఉండే కోయిల జాతి పిట్ట. దక్షిణాదిలో కొన్ని ఏడాదంతా ఉంటాయి. ఉత్తర, మధ్య భారతానికి మాత్రం మే చివర, జూన్‌లో నైరుతి గాలులతో పాటు ఆఫ్రికా నుంచి వస్తాయి. వాన చుక్కలు మాత్రమే తాగుతుందన్నది కావ్యాల మాట. నిజానికి అది గొంగళిపురుగులు తింటుంది, గుడ్లు బబ్లర్ అనే పిట్టల గూళ్ళలో పెడుతుంది.

ఆఫ్రికా నుంచి సముద్రం మీదుగా అదెలా సాధ్యమనేవాళ్ళకు ఒనన్ అనే కోయిల కథ చెప్పాలి. 2019లో మంగోలియాలో దానికి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ కట్టారు. అది జాంబియా దాకా వెళ్ళి, 2020 మేలో అరేబియా సముద్రం దాటి, మన దేశం మీదుగా మళ్ళీ మంగోలియా చేరింది. రానుపోను 26 వేల కిలోమీటర్లు.

ఇక జూన్ వానలు పడ్డాయంటే తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. వెళ్ళేవాళ్ళు ఇచ్ఛాపురం స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయి. గూళ్ళ చెట్ల కింద గట్టిగా మాట్లాడొద్దని ఊరివాళ్ళే చెబుతారు, వినండి. నెత్తిన గుడ్డ కూడా కట్టుకోండి, పైనుంచి పడేవి పడుతూనే ఉంటాయి.